లంక ఊళ్ల ఆరోగ్యం: వరదకు ముందే అడగవలసిన ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల నుంచే వచ్చాయి. నేను కోనసీమలో ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేశాను. డాక్టరును కాను. మందుల విషయంలో నేను చెప్పినదానికంటే మీ డాక్టరు మాటే పైమాట. అయితే ముంపు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగినదాన్ని కనుక ఒకటి గట్టిగా చెప్పగలను. గోదావరి చెప్పి వస్తుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలా గంటల్లో మీద పడదు. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా ధాన్యం బస్తాలు, బీరువాలోని కాగితాలు, టీవీ అటక ఎక్కించడంతోనే గడిచిపోతుంది. నెలలు నిండిన కోడలు, ఇన్సులిన్ వేసుకునే తండ్రి, తాగే నీళ్లు – వీటి సంగతి పడవ వచ్చాక చూద్దామనుకుంటాం. నా బాధంతా అక్కడే.

ప్రశ్న: టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అంటారు. అవి వినేసరికే మా కాజ్‌వే మునిగిపోతుంది. ఇక మాకు ఆ హెచ్చరికలు ఎందుకు? – ఒక రైతు, పి.గన్నవరం మండలం

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి సముద్రంలోకి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు వెళుతుంటాయి. ఇవి మొత్తం నదికి పెట్టుకున్న గుర్తులు. చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే లాంటివి వీటికి చాలా ముందే మునుగుతాయి. అందుకే ప్రతి లంకకూ తనదైన అంకె ఒకటి ఉండాలి. ధవళేశ్వరం నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే మీ కాజ్‌వే మీదికి నీరు వస్తుంది? ఎన్నింటికి రేవు మెట్లు మునుగుతాయి? ఎన్నింటికి మొదటి వీధిలోకి వస్తుంది? పడవ నడిపేవారికీ పెద్ద రైతులకూ ఇవి నోటికి వచ్చు. వారి దగ్గర కూర్చుని రాయించుకుని, పంచాయతీ గోడ మీద రంగుతో పెద్ద అక్షరాల్లో రాయించండి. మీకు అసలు హెచ్చరిక అదే.

ఇంకో సంగతి. భద్రాచలం అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి. శబరి నది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎగువన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు గట్టి వానలు పడితే భద్రాచలంలో నీరు తగ్గుతున్నా మన దగ్గర పెరగవచ్చు. కూనవరం అంకె కూడా అడిగి తెలుసుకోండి. రాష్ట్ర విపత్తుల నియంత్రణ కేంద్రం నంబరు 1070. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్లాయి. 1986 నాటిది మళ్లీ రాదులే అని ముప్పై ఆరేళ్లు అనుకున్నవారికి 2022 ఏం చూపించిందో మీకు తెలుసు.

ప్రశ్న: మా కోడలికి జూలై చివరి వారంలో నెలలు నిండుతాయి. ఇది తొలి కాన్పు. నొప్పులు వచ్చాక పడవలో తీసుకెళదామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక అత్తగారు, మామిడికుదురు మండలం

అమ్మా, నొప్పులు వచ్చేదాకా ఆగవద్దు. డాక్టరు చెప్పిన తేదీకి కనీసం రెండు వారాల ముందు, ఏటిగట్టు ఇవతల, ఆసుపత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి ఆమెను పంపండి. బంధువులు లేకపోతే ఆశా కార్యకర్తకు ఇప్పుడే చెప్పండి. వరద సమయంలో నెలలు నిండినవారి జాబితా తయారుచేసి ముందుగానే ఆసుపత్రికి చేర్చడం ఆరోగ్య సిబ్బంది పనుల్లో ఒకటి. ఆ జాబితాలో మీ కోడలి పేరు ఉందో లేదో మీరే వెళ్లి చూసుకోండి. ఉంటుందిలే అని ఊరుకోవద్దు.

108 వాహనం నీటిని దాటి లంకలోకి రాలేదు. ఫోను చేసేటప్పుడు మీ ఇంటి గుర్తులతో పాటు వాహనం గట్టు మీద ఏ రేవు దగ్గర నిలబడాలో చెప్పండి. పడవ ఆ రేవుకు చేరే సమయానికి అది అక్కడ ఉండాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డు, రక్తపు గ్రూపు రాసిన కాగితం, ఆధార్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి ఆమె బట్టల సంచిలోనే ఉంచండి. తేదీ ఇంకా దూరంగా ఉన్నా కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాయడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. తొలి కాన్పు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వరదలో పడవ ఎంతసేపు పడుతుందో అసలే చెప్పలేరు.

ప్రశ్న: పాము కరిస్తే పైన తాడు గట్టిగా కట్టి, గాటు పెట్టి రక్తం పిండేయాలని మా తాతయ్య చెబుతారు. బడిలో మాస్టారు వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి? – పదో తరగతి విద్యార్థిని, ఐ.పోలవరం మండలం

తల్లీ, ఈ ప్రశ్న అడిగినందుకు నీకు రుణపడి ఉన్నాను. మాస్టారి మాట విను. తాతయ్యకు కోపం రాకుండా ఎందుకో చెప్పు.

మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా మూడు. తాచు, కట్లపాము, రక్తపింజరి. వరదలో వాటి బొరియలు మునిగితే అవి కూడా మనలాగే ఎత్తయిన చోటు వెతుక్కుంటాయి. ఏటిగట్టు, కొబ్బరి డొక్కల పోగు, గడ్డివాము, అరుగు, గట్టు మీద మనం వేసుకున్న టార్పాలిన్ కింద. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కాటు పడిన చోట కండను కుళ్లబెడుతుంది. అలాంటి కాలికి పైన తాడు బిగిస్తే విషమంతా ఒక్కచోటే నిలిచి కాలే పోవచ్చు. ఆసుపత్రిలో ఆ కట్టు విప్పగానే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. గాటు పెడితే, గడ్డకట్టని రక్తం ఆగకుండా పోతుంది. నోటితో పీల్చినా, పసరు పోసినా, కోడిపిల్లను ఆనించినా విషం బయటికి రాదు. మరి మంత్రం వేస్తే బతికినవారు ఉన్నారు కదా అని తాతయ్య అడుగుతారు. ఉన్నారు. వారిని కరిచింది విషం లేని పాము అయినా అయి ఉండాలి, విషపు పామే కరిచినా విషం ఎక్కించకుండా వదిలి ఉండాలి. మంత్రం దగ్గర కూర్చున్న రెండు గంటల్లో పోయినవారి సంగతి ఎవరూ కథగా చెప్పుకోరు.

చేయవలసింది తక్కువే. కరిచిన మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పాలి. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు, గాజులు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు. విరిగిన ఎముకకు కట్టినట్టు, కాలికో చేతికో వెదురు బద్ద ఆనించి తువ్వాలుతో వదులుగా కట్టాలి. ఆ భాగం కదలకూడదు. మనిషిని నడిపించకూడదు, మోసుకెళ్లాలి. బండి తప్ప దారి లేకపోతే ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లాలి. వాంతి వస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పామును చంపడానికి వెంటపడితే రెండో మనిషికి కాటు పడుతుంది, సమయం పోతుంది. కరిచిన గంట, కనిపించిన లక్షణాలు గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్తే చాలు. ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. పాముకాటుకు ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షను ఒకే రకం, మూడు పాములకూ పనిచేస్తుంది. చిన్నపిల్లలకు కూడా పెద్దల మోతాదే ఇస్తారు, ఎందుకంటే పాము పిల్లవాడి బరువు చూసి విషం వదలదు. అది చూసి పిల్లాడికి ఎక్కువ మందు వేశారని కొందరు తల్లిదండ్రులు గొడవపడతారు. పడవద్దు.

కట్లపాము గురించి వేరుగా చెప్పాలి. అది రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. అజీర్తి అనుకుని సోడా తాగించేలోపే ఊపిరి ఆగే స్థితికి వస్తారు. వరద రోజుల్లో గట్టు మీద నేల మీద పడుకున్నవారు ఎవరైనా ఇలా లేస్తే అది పాముకాటే అనుకుని పరుగెత్తండి. మంచం దొరకకపోయినా దోమతెర దొరుకుతుంది. అంచులు చాప కిందికి దోపి పడుకుంటే దోమతో పాటు కట్లపామునూ ఆపుతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. మన వంతుగా ఒక పని ఇప్పుడే చేయవచ్చు. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఈ ఇంజెక్షను రాత్రిపూట కూడా దొరుకుతుందో జూన్‌లోనే వెళ్లి అడిగి, ఆ పేరు ఇంటి తలుపు వెనుక రాసి పెట్టుకోండి.

ప్రశ్న: వరద తీశాక బావిలో ఎంత బ్లీచింగ్ పౌడర్ వేయాలి? మా ఊళ్లో గుప్పెళ్లతో చల్లేస్తారు. ఒకసారి వాసనకు తాగలేకపోయాం. – ఒక గృహిణి, కాట్రేనికోన మండలం

గుప్పెడు లెక్క కాదమ్మా. తేట నీటికైతే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడరు చాలు. ఒక మీటరు వెడల్పు ఉన్న సిమెంటు వరల బావిలో మూడు మీటర్ల లోతు నీరు ఉంటే అది సుమారు 2,400 లీటర్లు. అంటే ఆరు గ్రాములు. అయితే వరద మునిగిన బావికి ఇది సరిపోదు. బురద క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు వీలైనంత నీరు తోడి పారబోసి, బురద తీసి, కొత్త నీరు ఊరాక ఇంతకు కొన్ని రెట్లు వేయవలసి వస్తుంది. ఎన్ని రెట్లు అన్నది నీరే చెప్పాలి. వేసిన గంట తర్వాత ఆరోగ్య సిబ్బంది దగ్గర ఉండే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మిగలకపోతే మళ్లీ వేయాలి. ఆ పరీక్ష మీ ముందు చేసి చూపమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు వంతు నీరు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైతేటను మాత్రం ఇంకో బకెట్టులోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దింపి పైకీ కిందికీ ఆడించండి. సున్నం బయట పారబోయండి. రాత్రి వేస్తే ఉదయానికి తోడుకోవచ్చు. మూత తీసి ఉంచిన బస్తాలోని పౌడరుకు బలం పోతుంది. ఘాటు వాసన లేని పౌడరు ఎంత వేసినా పనిచేయదు.

బిందెలో తాగునీటి సంగతి వేరు. మన పెద్దవారు చిల్లగింజ అరగదీసి బురద నీటిని తేర్చేవారు. అది మంచి పద్ధతే, పటిక కూడా అంతే. అయితే ఆ రెండూ మడ్డిని దింపుతాయి కానీ క్రిములను చంపవు. తేర్చాక వడగట్టి, కుతకుత మరిగేలా కాచండి. పొయ్యి వెలిగించే వీలు లేకపోతే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. మాత్ర ఎన్ని లీటర్లకన్నది దాని అట్ట మీద ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది కనుక చదవకుండా వేయవద్దు.

ప్రశ్న: విరేచనాలు అయితే కొట్లో దొరికే ఓఆర్‌ఎస్ డబ్బా పానీయం ఇవ్వవచ్చా? పిల్లలు దాన్నే ఇష్టపడుతున్నారు. – ఒక తల్లి, అయినవిల్లి మండలం

వద్దు. ఇష్టపడేది అందులోని చక్కెరను. చక్కెర ఎక్కువైతే పేగు ఒంట్లోని నీటిని తనలోకి లాక్కుని విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తెలుగు డాక్టరమ్మ పట్టుదల దేశంలోని పిల్లలందరికీ మేలు చేసింది, తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లమే అడగండి. ఆశా కార్యకర్త ఉచితంగా ఇస్తుంది. పెద్ద పొట్లం ఒక లీటరు నీటికి, పూర్తిగా. 2022 వరదలో ఒక శిబిరంలో ఓ తల్లి పొట్లంలో సగం ఒక గ్లాసులో కలిపి బిడ్డకు తాగిస్తుంటే చూశాను. పాపం, మందు గట్టిగా ఉంటే త్వరగా తగ్గుతుందని ఆమె అనుకుంది. ఉప్పు అంత ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా తలకొట్టి కొలిచి కలపండి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ అర గ్లాసు వరకు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. జింక్ మాత్ర 14 రోజులూ వేయాలి, విరేచనాలు మూడో రోజుకే ఆగినా సరే. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, బిడ్డ మత్తుగా ఉన్నా ఆసుపత్రికే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతే పట్టించి వేలమందిని బతికించారు. మన శిబిరాల్లో కూడా ఆ పని తల్లులే చేయగలరు.

ప్రశ్న: మా నాన్నగారు ఇన్సులిన్ వేసుకుంటారు. వరదకు కరెంటు పోతే ఎలా నిల్వ ఉంచాలి? – ఒక పాఠకుడు, ముమ్మిడివరం మండలం

బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టి కుండలో, నీడ పట్టున ఉంచండి. వాడుతున్న సీసా ఇలా సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. ఐసు ముక్కల మధ్య పెట్టవద్దు, గడ్డకడితే పనికిరాదు. షుగరు, బీపీ, క్షయ, మూర్ఛ మందులు వాడేవారంతా జూన్ చివరికి నెల రోజుల నిల్వ చేతిలో ఉంచుకోండి. డయాలసిస్‌కు వెళ్లేవారు మాత్రం మొదటి హెచ్చరిక కోసం కూడా చూడకుండా గట్టు దాటాలి.

ప్రశ్న: వరద తీశాక పొలంలో పది రోజులు పనిచేశాను. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సూది వేయించుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. – ఒక వ్యవసాయ కూలీ, అల్లవరం మండలం

బాబూ, పత్రిక వచ్చేదాకా ఆగకుండా మీకు విడిగా జవాబు పంపాను, ఈపాటికి ఆసుపత్రికి వెళ్లారనే నమ్ముతున్నాను. మిగిలినవారి కోసం రాస్తున్నాను. ఇది ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. కాలి పగుళ్ల నుంచి, పుండ్ల నుంచి క్రిమి లోపలికి వెళుతుంది. సాధారణంగా ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది. పిక్కల నొప్పి, ఎర్రటి కళ్లు దీని గుర్తులు. కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా కిడ్నీకి, కాలేయానికి పాకినట్టు. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్ మందులకు లొంగుతుంది. నొప్పి తగ్గించే సూదితో జ్వరాన్ని అణిచిపెడితే విలువైన రోజులు పోతాయి, కిడ్నీకీ చేటు. డాక్టరు దగ్గర నోరు తెరవగానే "వరద నీటిలో పనిచేశాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆలోచించే దారి మారుతుంది. పొలంలోకి దిగేవారు గమ్‌బూట్లు వేసుకోవాలి, పుండు ఉంటే దిగకూడదు. ముందుజాగ్రత్తగా వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ ఇవ్వడం కేరళలో ఉంది. డాక్టరు చెబితేనే వాడాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు.

ప్రశ్న: గేదెలను ఏం చేయమంటారు? వాటిని వదిలి గట్టుకు రావడానికి మా అమ్మ ఒప్పుకోదు. – ఒక యువ రైతు, పి.గన్నవరం మండలం

మీ అమ్మగారిది మొండితనం అనను. పాడి పోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే గేదెలను ఆమెకంటే ముందు పంపండి. నీరు కాజ్‌వే ఎక్కకముందే, మీ ఊరి అంకె దగ్గరపడుతుండగానే తోలుకెళ్లి గట్టు మీద కట్టేయండి, అప్పుడు ఆమె కూడా వస్తుంది. ఎండుగడ్డి నాలుగు రోజులకు సరిపడా ముందే గట్టుకు చేర్చండి. ఏ కారణం చేతనైనా తోలలేకపోతే పలుపులు విప్పేయండి, కట్టేసి వదలవద్దు. చనిపోయిన పశువును ఏట్లోకి తోయకుండా బావులకు దూరంగా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. గొంతువాపు టీకా వేశాక రోగాన్ని ఆపే శక్తి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీ పశువుల ఆసుపత్రిలో అడిగి ఈ వారమే వేయించండి. పశువుల సంచార వైద్య వాహనం కావాలంటే 1962కు ఫోను చేయవచ్చు, అది కూడా కాజ్‌వే తేలి ఉన్నప్పుడే.